దెయ్యం సినిమా వేస్తే అందరూ నవ్వుతున్నారంటే

అన్నా, కావలిలో మీ మేడ మీద ప్రొజెక్టర్ పెట్టి పాత కొత్త దెయ్యం సినిమాలు వేస్తుంటే బామ్మర్దులంతా నవ్వుతున్నారు, ఒక్కరూ భయపడటం లేదన్నారు కదా. తప్పు సినిమాలది కాదు, మేడది. వీధి లైటు వెలుతురు, పక్కన బండ్ల హారన్లు, గాలికి కొట్టుకుపోయే సౌండు, ఇక భయం ఎక్కడినుంచి వస్తుంది? సగం భయం చెవుల్లోనే ఉంటుంది. హాల్లోకి మార్చండి, తలుపులేసి లైట్లన్నీ ఆపండి, ఒక స్పీకరు జనం వెనకాల పెట్టండి.

ముందు 1992 నాటి 'రాత్రి' వేయండి. రామ్‌గోపాల్ వర్మ తీసింది. దెయ్యాన్ని చూపించి భయపెట్టడం తక్కువ, కెమెరానే ఎవరో వెంటపడుతున్నట్టు కదులుతుంది, సినిమా హాల్లో రేవతి ఒంటరిగా మిగిలిపోయే సీను చూస్తే నాకు ఇప్పటికీ వెన్నులో చలి పుడుతుంది. కందుకూరులో అమ్మమ్మ వాళ్లింట్లో చూశాను, ఆ రాత్రి పెరట్లోకి పోవాలంటే ఎవరో ఒకరు తోడు రావాల్సిందే.

తర్వాత 1960 నాటి ఇంగ్లీషు సినిమా 'సైకో'. అందులో దెయ్యమే లేదు, భయమంతా సౌండులోనే. స్నానాల గది సీనుకి సంగీతమే వద్దనుకున్న దర్శకుడు హిచ్‌కాక్, సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లు విన్నాక మనసు మార్చుకున్నాడు. ఆ సీను ఒకసారి సౌండు ఆపి, ఒకసారి పెట్టి చూపించండి, తేడా వాళ్లకే తెలుస్తుంది.

'అరుంధతి' అందరికీ కంఠతా వచ్చు, వదిలేయండి. ఆఖర్న 2022లో వచ్చిన 'మసూద' వేయండి. మొదట్లో నిదానమే, మధ్యలో ఆపొద్దు. చిన్నపిల్లల్ని మాత్రం ముందే పడుకోబెట్టండన్నా.