కొత్త సంస్థ సరే, డబ్బు ఎలా ఇవ్వాలి?

ప్రశ్న: సాంకేతిక ఆవిష్కరణలకు, చిన్న పరిశ్రమలకు ఊతమివ్వడానికి ప్రభుత్వం ప్రత్యేక సంస్థ పెడితే నిధులు ఎలా విడుదల చేయాలి? ఇలాంటివి ఎక్కడ దెబ్బతింటాయి?

జవాబు: ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వకూడదు. అమెరికాలో 1982 నాటి చట్టంతో వచ్చిన ఎస్‌బీఐఆర్ (చిన్న సంస్థల కొత్త ఆవిష్కరణల పరిశోధనకు డబ్బిచ్చే) పథకం మంచి నమూనా. మొదటి దశలో, ఆలోచన పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి చిన్న గ్రాంటు ఇస్తారు. గడువు నెలల్లోనే. అక్కడ నిలబడినవాటికే రెండో దశ. ప్రోటోటైప్ (పనిచేసే తొలి రూపం) తయారీకి సాధారణంగా 2 ఏళ్లు. మూడోది మార్కెట్ దశ, దానికి ఈ పథకం డబ్బు ఉండదు. ప్రభుత్వం కంపెనీలో వాటా అడగదు. బయటి సంస్థలు చేసే పరిశోధనకు ఏటా 10 కోట్ల డాలర్లకు మించి వెచ్చించే ప్రభుత్వ శాఖలే అందులో కొంత శాతం ఈ పథకానికి పక్కన పెట్టాలన్నది నిబంధన.

దెబ్బతినేది ఎక్కువగా జాప్యం వల్లే. దరఖాస్తు తేలేలోపు చిన్న సంస్థకు జీతాలిచ్చే శక్తి పోతుంది. కాబట్టి నిర్ణయానికి గడువు రాసిపెట్టాలి, తొలి విడత అడ్వాన్సుగా ఇవ్వాలి. ఖర్చుపెట్టాక బిల్లులు తెమ్మంటే సొంత డబ్బున్నవాళ్లే మిగులుతారు. ఇంకొకటి, చాలా ముఖ్యం: నిజాయితీగా విఫలమైన ప్రతి ప్రాజెక్టుకూ ఆడిట్ అభ్యంతరం పెడితే, అధికారులు రిస్కు లేని పాత ఆలోచనలనే ఎంచుకుంటారు.