అమెరికాలో కాపురం ఏ ఊళ్లో? ముందు పాప పుట్టినరోజు చూడండి

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా వారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కంపెనీ ఆయనను ఎల్-1బి వీసాపై జూన్‌లో అమెరికా పంపుతోంది. న్యూజెర్సీలోని ఎడిసన్, టెక్సస్‌లోని డాలస్, కాలిఫోర్నియాలోని శాన్ హోసే, ఈ మూడింటిలో ఏ ఆఫీసైనా ఎంచుకోమన్నారు. నేను బీఎస్సీ నర్సింగ్ చేసి ఇక్కడే ఒక ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. పాప ఎల్‌కేజీ పూర్తవుతోంది, వచ్చే సెప్టెంబరు 20కి ఐదేళ్లు నిండుతాయి. బాబుకు రెండేళ్లు. అత్తయ్య కూడా వచ్చి కొన్నాళ్లు ఉంటారు. జీతం ఎక్కువని మా వారు శాన్ హోసే అంటున్నారు, తెలుగువాళ్లు ఎక్కువని మా అన్నయ్య డాలస్ అంటున్నాడు. అక్కా, మీరేమంటారు?

జవాబు: అమ్మా, నాది చిత్తూరు. ఇరవై ఏళ్లకు పైగా డాలస్ పక్కనే ఉంటున్నాను. అయినా మీ ఇంటి సంగతులన్నీ చదివాక మీకు డాలస్ చెప్పాలనిపించలేదు. శాన్ హోసే అసలే చెప్పను.

ఊరు ఎంచుకునేటప్పుడు మనవాళ్లు ముందుగా ఉద్యోగం చేసే మనిషిని చూస్తారు. నిజానికి ఆయనకు ఏ ఊరైనా ఒకటే. పొద్దున ఆఫీసు, మధ్యాహ్నం మైక్రోవేవ్‌లో వేడిచేసుకున్న చపాతీ, సాయంత్రం ఇల్లు. ఊరు మారితే రోజు మారిపోయేది మీకు, పిల్లలకు, మీ అత్తగారికి. కాబట్టి ముందు మీ నలుగురి లెక్క తేలాలి, ఆయన జీతం సంగతి ఆ తర్వాత.

పాపతో మొదలుపెడదాం. ప్రభుత్వ బడిలో కిండర్‌గార్టెన్‌కు, అంటే ఒకటో తరగతికి ముందు తరగతికి, ఐదేళ్లు నిండాలి. ఏ తేదీకి నిండాలన్నది మాత్రం అన్ని చోట్లా ఒకటి కాదు. టెక్సస్‌లో సెప్టెంబరు 1. మీ పాపకు పంతొమ్మిది రోజులు తక్కువ పడ్డాయి కనుక ఏడాది ఆగాల్సిందే. హెడ్మాస్టరు తెలిసినవారైతే సర్దుకుపోయే వ్యవహారం కాదిది. కాలిఫోర్నియాలోనూ అదే తేదీ, కానీ అక్కడ సెప్టెంబరు 1కి నాలుగేళ్లు నిండిన పిల్లలందరికీ ట్రాన్సిషనల్ కిండర్‌గార్టెన్ అనే ఉచిత తరగతి 2025-26 నుంచి ఉంది. న్యూజెర్సీలో చాలా స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థలు) అక్టోబరు 1ని లెక్కలోకి తీసుకుంటాయి. అలాంటి డిస్ట్రిక్టులో ఇల్లు దొరికితే పాప ఈ సెప్టెంబరులోనే నేరుగా కిండర్‌గార్టెన్‌లో కూర్చుంటుంది. ఇల్లు చూసేటప్పుడు ఆ డిస్ట్రిక్టు వెబ్‌సైట్‌లో తేదీ ఒకసారి సరిచూసుకోండి.

టెక్సస్‌లో ప్రీ-కె, అంటే కిండర్‌గార్టెన్‌కు ముందు తరగతి, లేదా అంటారేమో. ఉంది, కానీ అందరికీ ఉచితం కాదు. ఆదాయం తక్కువైన ఇళ్ల పిల్లలకు, ఇంకా కొన్ని వర్గాలకు ఇస్తారు. ఇంగ్లీషు మాట్లాడడం, అర్థం చేసుకోవడం రాని పిల్లలు ఆ వర్గాల్లో ఒకటి. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలకు ఇలా సీట్లు వస్తాయి. తమాషా ఏమిటంటే, తిరుపతిలో ఫీజులు కట్టి నేర్పించిన ఇంగ్లీషు సరిగ్గా ఈ పరీక్ష దగ్గరే అడ్డం తిరగవచ్చు. బిడ్డ గడగడా జవాబులు చెప్పిందని మురిసిపోయేలోపు ఉచిత సీటు పోతుంది.

ఏడాది ఆలస్యమైతే చదువుకు వచ్చే నష్టం ఏమీ లేదు. నష్టమంతా డబ్బు దగ్గర, తిరిగి వచ్చే దగ్గర ఉంది. ప్రీ-కె దొరకకపోతే ఆ ఏడాదంతా ఇద్దరు పిల్లలకూ డేకేర్ కట్టాలి, అమెరికాలో చిన్న పిల్లల ఇంటికి అద్దె తర్వాత పెద్ద ఖర్చు అదే. ఇక ఎల్-1బి గరిష్ఠంగా ఐదేళ్లు, ఆ వీసాపై ఉండగా వేరే కంపెనీకి మారే వీలు లేదు. ఐదేళ్ల తర్వాత తిరుపతికి వచ్చేస్తే, ఈ ఏడు కిండర్‌గార్టెన్‌లో చేరిన పాప తోటి పిల్లలతో పాటే ఐదో తరగతిలో చేరుతుంది. ప్రీ-కెతో మొదలుపెట్టిన పాప నాలుగులో చేరుతుంది. అమెరికాలో ఎవరూ పట్టించుకోని ఈ ఏడాది తేడాను తిరుపతిలో బంధువులు పట్టించుకుంటారు, అది మీకూ తెలుసు.

ఇప్పుడు మీ సంగతి. మీ ఉత్తరంలో మీ ఉద్యోగం గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు, అది నాకు నచ్చలేదు. ఎల్-1 ఉద్యోగి భార్యాపిల్లలకు ఇచ్చేది ఎల్-2 వీసా, దానిపై వెళ్లే భార్యకు 2021 నవంబరు నుంచి విడిగా వర్క్ పర్మిట్ అక్కర్లేదు. దిగిన తర్వాత ఐ-94 కాగితం (దేశంలోకి వచ్చినట్టు అమెరికా ప్రభుత్వం నమోదు చేసేది) ఆన్‌లైన్‌లో తీసుకుని, మీ పేరు మీద ఎల్-2ఎస్ అని, పిల్లల పేర్ల మీద ఎల్-2వై అని ఉన్నాయో లేదో చూడండి. మీకు ఆ చివరి అక్షరం లేకపోతే ఉద్యోగం దగ్గర చిక్కు వస్తుంది, వెంటనే సరిచేయించుకోవాలి.

పనిచేసే హక్కు వీసాతో వచ్చినా నర్సు లైసెన్సు ఇచ్చేది రాష్ట్రమే. 40కి పైగా రాష్ట్రాలు ఒక ఒప్పందంలో ఉన్నాయి, వాటిలో ఒకచోట నివాసం ఉండి తీసుకున్న బహుళ రాష్ట్ర లైసెన్సు మిగతా చోట్లా చెల్లుతుంది. టెక్సస్, న్యూజెర్సీ అందులో ఉన్నాయి, కాలిఫోర్నియా లేదు. ఆ లైసెన్సు కోసం మీరు రాయాల్సిన పరీక్ష ఎన్‌క్లెక్స్. దానికి చెన్నైలోనే కేంద్రం ఉంది, అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు. కానీ పరీక్షకు కూర్చోవాలంటే ముందు ఏదో ఒక రాష్ట్ర నర్సింగ్ బోర్డుకు దరఖాస్తు పెట్టి అనుమతి తెచ్చుకోవాలి. అందుకే ఊరి సంగతి ముందు తేల్చుకోండి, లేకపోతే మీ దరఖాస్తు మొదలే కాదు.

ఈ దరఖాస్తులో ఎక్కువ కాలం తినేది కాలేజీ కాగితాలు. మీ చదువు వివరాలు, రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ధ్రువీకరణ మీ చేతి మీదుగా కాకుండా ఆయా కార్యాలయాల నుంచి నేరుగా విదేశీ చదువులను పరిశీలించే మూల్యాంకన సంస్థకు వెళ్లాలి. మెయిల్ పెట్టి ఎదురుచూస్తే ఆ ఫైలు కదలదు. పొద్దున్నే టిఫిన్ చేసి వెళ్లండి, గుమాస్తా బల్ల పక్కన నిలబడండి, కవరు మీద సీలు పడి తపాలా రశీదు చేతికి వచ్చేదాకా కదలకండి. విమానం ఎక్కాక ఈ నిలబడే పని మీ మరిదికో నాన్నగారికో పడుతుంది, వాళ్లకు ఏ కాగితం అడగాలో తెలియదు.

అమెరికాలో ఆస్పత్రి షిఫ్టులు చాలాచోట్ల పన్నెండు గంటలవి, ఏడు నుంచి ఏడు. డేకేర్లు సాయంత్రం ఆరు, ఆరున్నరకల్లా మూసేస్తారు, ఆలస్యమైతే నిమిషాల లెక్కన జరిమానా వేసేవీ ఉన్నాయి. అంటే మీ షిఫ్టు రోజున బాబును తెచ్చేది మీ వారే. ఆయన ఆఫీసు, డేకేర్, ఇల్లు మూడూ పావుగంట దూరంలో ఉండేలా చూసుకోండి. దూరంగా పెద్ద ఇల్లు తక్కువ అద్దెకు దొరుకుతుందని ఆశపడితే మీ నర్సు ఉద్యోగం అక్కడితో ఆగిపోతుంది.

మీ అత్తగారు రోజూ కపిలతీర్థం దాకా నడిచే మనిషి అయితే డాలస్ చుట్టుపక్కల ఊళ్లు ఆవిడకు శిక్షే. మా వీధిలో కాలిబాట చక్కగా ఉంది, కాకపోతే అది తీసుకెళ్లేది అచ్చం మా వీధి లాంటి ఇంకో వీధికి. పాల డబ్బా కావాలన్నా కారు తీయాలి. డాలస్ పక్కన మనవాళ్లు ఎక్కువగా చేరిన ఫ్రిస్కోకు డార్ట్ అనే డాలస్ లోకల్ రైలు కూడా రాదు. కారు నడపడం వచ్చేదాకా మీరూ ఇంట్లో బందీయే. ఎడిసన్ మొత్తం నడిచి తిరిగే ఊరని నేను అనను, అక్కడా కారు కావాలి. కానీ ఓక్ ట్రీ రోడ్డుకు నడక దూరంలో ఇల్లు దొరికితే కూరగాయలు, చీరల కొట్లు, దోసెల హోటళ్లు కాళ్ల మీదే చూసి రావచ్చు. మెట్రోపార్క్ స్టేషన్‌లో రైలెక్కితే నేరుగా న్యూయార్క్. బ్రిడ్జ్‌వాటర్‌లో వేంకటేశ్వరుడి గుడి ఉంది, కారులో ఇంచుమించు అరగంట. ఆవిడను చలిలో మాత్రం తీసుకురావద్దు. విజిటర్ వీసాపై మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు, ఏప్రిల్‌లో తెచ్చి అక్టోబరుకు పంపిస్తే తిరుపతి ఎండలూ తప్పుతాయి. ప్రయాణం మాటకొస్తే మూడు ఊళ్లూ సమానమే, దుబాయ్‌లోనో దోహాలోనో ఒకసారి విమానం మారితే చెన్నై.

మీ అన్నయ్య చెప్పిన తెలుగువాళ్ల సంగతి. మొదటి నెలలో వాళ్ల విలువ అంతా ఇంతా కాదు. విమానాశ్రయం నుంచి ఇంటికి, ఇంటి నుంచి కొట్టుకు తీసుకెళ్లేది వాళ్లే. ఏడాది తిరిగేసరికి అదే మనుషులు ఇల్లు ఎప్పుడు కొంటున్నారని అడగడం మొదలుపెడతారు. ఐదేళ్ల వీసా మీద మొదటి ఏడాదే ఇల్లు కొనకండి. ఎడిసన్‌లోనూ తెలుగువాళ్లకు కొదవలేదు. సిలికానాంధ్ర మనబడి లాంటి తెలుగు తరగతులు మూడు ప్రాంతాల్లోనూ నడుస్తున్నాయి, తిరిగి వచ్చే ఆలోచన ఉంటే పాపను మొదటి ఏడాదే చేర్చండి.

పన్నుల గురించి ఎక్కువ చెప్పను. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, మిగతా రెండు చోట్లా ఉంది. శాన్ హోసేలో ఎక్కువగా వచ్చే జీతంలో పెద్ద ముక్క అద్దె పట్టుకుపోతుంది. మీ వారిని రెండు పడకగదుల ఇంటి అద్దె, బాబు డేకేర్ ఫీజు తీసేసి మూడు ఊళ్లకూ మిగిలేది కాగితం మీద వేయమనండి.

ఇల్లు వెతికేటప్పుడు ఊరి పేరు చూసి మోసపోకండి. పలమనేరు, పుంగనూరు నుంచి పిల్లల చదువుకని తిరుపతి చేరేవాళ్లు ముందు స్కూలు చూసి, తర్వాత ఆ పక్కన ఇల్లు చూస్తారు కదా, అక్కడా అంతే. కాకపోతే అక్కడ అది చట్టం. మీ చిరునామాయే మీ బడిని నిర్ణయిస్తుంది. ఫ్రిస్కో ఒక్క ఊరే నాలుగు స్కూల్ డిస్ట్రిక్టుల కింద ఉంది. ఎడిసన్‌లో డిస్ట్రిక్టు ఒకటే, కానీ హైస్కూళ్లు రెండు, ప్రాథమిక పాఠశాలలు వీధిని బట్టి మారతాయి. లీజు మీద సంతకం పెట్టకముందే ఆ ఇంటి నంబరుతో డిస్ట్రిక్టు వెబ్‌సైట్‌లో బడి పేరు చూడండి, ఫోన్ చేసి కిండర్‌గార్టెన్‌లో సీట్లు ఉన్నాయా అని అడగండి. లీజులో ఇద్దరి పేర్లూ రాయించండి, బడిలో నివాస రుజువు అడుగుతారు. రేటింగు పదికి పది ఉన్న బడే కావాలని పట్టుబట్టకండి. ర్యాంకుల హోర్డింగులు చూసి విసిగిపోయి వెళ్తూ అక్కడా వాటినే వెతుక్కోవడం ఎందుకు?

చివరగా ఈ వారంలో చేయాల్సిన పని. పిల్లల టీకా కార్డు తీసి చూడండి. ప్రభుత్వ కార్యక్రమంలో వేసేది ఎంఆర్ (తట్టు, రుబెల్లా), అందులో గవదబిళ్లల టీకా లేదు. అమెరికా బడులు గవదబిళ్లల టీకా కూడా కలిసిన ఎంఎంఆర్ అడుగుతాయి, ఆటలమ్మ టీకా కూడా అడుగుతాయి. ఒకవేళ మీ అన్నయ్య మాటే గెలిచి డాలస్ వెళ్తే హెపటైటిస్-ఏ రెండు డోసులు కూడా కావాలి, వాటి మధ్య కనీసం ఆరు నెలల ఎడం ఉండాలి. పిల్లల డాక్టరుతో అన్ని తేదీలూ ఇంగ్లీషులో రాయించి సంతకం, ముద్ర వేయించుకోండి. బీసీజీ వేసిన పిల్లలకు క్షయ చర్మ పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపవచ్చు. బడిలో పరీక్ష అడిగితే రక్త పరీక్ష చేయిస్తామని చెప్పండి.