మూతి నుంచి కూరే రైఫిల్‌లో గుండుకు గుడ్డ ఎందుకు చుడతారు?

గొట్టం లోపలి మెలికల గాడులను పట్టుకుని సీసపు గుండును గిర్రున తిప్పేది ఆ గుడ్డే, అందుకే చుడతారు. గుండును కావాలనే గొట్టం కన్నా కాస్త చిన్నగా పోస్తారు, లేకపోతే మూతి నుంచి లోపలికి దిగదు. మిగిలిన సందును కొవ్వు పట్టించిన గుడ్డ పూడ్చి, మందు మంట పక్కల నుంచి జారిపోకుండా ఆపుతుంది.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత ఫ్లింట్‌లాక్ తుపాకులకే (చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలేవి) కేటాయించిన జింకల వేట సీజన్ ఉంది. అక్కడ వాడే .50 కాలిబర్ రైఫిల్నే తీసుకోండి. గొట్టం వ్యాసం 12.7 మి.మీ., గుండు 12.45, గుడ్డ మందం 0.38. రెండు వైపులా గుడ్డ కలిపితే సుమారు 13.2 అవుతుంది, ఆ అదనమే గాడుల్లోకి ఒత్తుకుంటుంది. గుడ్డ బిగువు నేత నూలుదే కావాలి, పాలిస్టర్ అయితే వేడికి కరిగి గొట్టానికి అంటుకుంటుంది.

గుడ్డ కూడా గుండుతో జింక దాకా పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు, మూతి దాటగానే విడిపోయి కొద్ది గజాల్లోనే రాలుతుంది. ఏరి చూస్తే గురి ఎందుకు తప్పుతోందో అదే చెబుతుంది: అంచులు పీచు లేస్తే పర్వాలేదు; నడిమధ్య కాలి చిల్లు పడితే గుడ్డ పలచనైనా అయి ఉండాలి, కొవ్వైనా చాలకపోయి ఉండాలి; కోసినట్టు చిరిగితే మూతి అంచు మరీ పదునుగా ఉన్నట్టు.