బోదెలో నాచు ఆకు చూస్తే సగం అర్థమవుతుంది

“సైటోస్కెలిటన్ అంటే కణం అస్థిపంజరం అంటున్నారు. లోపల ఎముకల్లాంటివి ఉంటే కణం ఎలా పెరుగుతుంది, ఎలా కదులుతుంది?” అని ఒకరు అడిగారు. కోనసీమలో ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్తాను. నేనూ చాలా ఏళ్ళు ఆ అస్థిపంజరం మాటే చెప్పి తప్పించుకున్నాను.

ఓ జనవరిలో కాలేజీ వెనక బోదెలోంచి హైడ్రిల్లా నాచు తెచ్చి, ఒక ఆకు స్లైడ్ మీద పెట్టాను. ఆకుపచ్చ పూసల్లా హరితరేణువులు కనబడ్డాయి గానీ ఒక్కటీ కదల్లేదు. పిల్లల ముందు పరువు పోయింది. మైక్రోస్కోపును తిట్టుకుని టీకి వెళ్ళాను. వచ్చేసరికి కిటికీ వెలుగు పడి ఆకు కాస్త వెచ్చబడినట్టుంది, నడిమి ఈనె పక్కనున్న పొడుగు కణాల్లో పూసలన్నీ గోడ వెంబడి వరసగా తిరుగుతున్నాయి, గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నట్టు!

అవి వాటంతట అవి ఈదడం లేదు. సైటోస్కెలిటన్ అంటే కణంలో ఉండే ప్రోటీన్ పోగులూ గొట్టాలే. వాటిలో ఆక్టిన్ అనే పోగులుంటాయి, మందం 7 నానోమీటర్లే. మయోసిన్ అనే ఇంకో ప్రోటీన్ కణానికి ఇంధనంలాంటి ఏటీపీని ఖర్చుపెట్టి ఆ పోగుల మీద నడుస్తుంది. ఆ లాగుడికి కణద్రవ్యమంతా కదులుతుంది. ఆక్టిన్‌ని చెడగొట్టే సైటోకలాసిన్ పోస్తే ప్రవాహం ఆగిపోతుంది.

ఇక పెరగడం. మన వైపు ధాన్యం పురి కట్టడం చూశారా? గడ్డి వెంటి చుట్టూ తిప్పుతారు కాబట్టి లోపల ధాన్యం పోసేకొద్దీ పురి పక్కలకి ఉబ్బదు, పైకి లేస్తుంది. మొక్క కణం గోడలో ఆ వెంటి సెల్యులోజ్ అనే పీచు. దాన్ని ఎటు చుట్టాలో చూపేవి కణం పొర కిందుండే మైక్రోట్యూబ్యూల్స్, సైటోస్కెలిటన్‌లోని 25 నానోమీటర్ల బోలు గొట్టాలు. సెల్యులోజ్ అల్లే ఎంజైములు వాటి దారి పట్టుకునే వెళ్తాయని 2006లో బతికున్న కణాల్లోనే చూశారు. కాల్చిసిన్ అనే మందుతో ఆ గొట్టాల్ని విడగొడితే కణం పొడవు సాగడం మాని ఉబ్బిపోతుంది.

మొక్క కణానికి గోడ ఉంది కాబట్టి తిరుగుడంతా లోపలే. మన తెల్ల రక్తకణానికి ఆ గోడ లేదు. ముందు అంచున ఆక్టిన్ పోగులు కొత్తగా పెరిగి పొరని తోస్తాయి, వెనక పాతవి విడిపోతాయి. విడిపోయిన ముక్కలే మళ్ళీ ముందుకొచ్చి పోగులవుతాయి. ఎముక ఇలా నిమిషాల్లో కరిగి కట్టుకోదుగా, అందుకే ఆ పేరంటే నాకు చిరాకు.

వీలైతే మీరూ చూడండి. పూసలు కదలకపోతే స్లైడ్ తీసెయ్యకుండా ఓ పది నిమిషాలు వెలుగులో ఉంచండి.