వెద వరిలో తెల్లబడే ఆకులు: అన్నభేది ఎందుకు పనిచేయలేదు?

ప్రశ్న: కోవూరు దగ్గర నల్లరేగడిలో పొడిదుక్కి చేసి వరి వెద పెట్టాం. 25 రోజుల పైరు. కొత్త ఆకులు పసుపు తిరిగి తెల్లబడుతున్నాయి. యూరియా వేశాం, అన్నభేది (ఇనుము ఇచ్చే ఫెర్రస్ సల్ఫేట్) కొట్టాం, గుణం లేదు. కలిపిన కాసేపటికే మందునీళ్లు టీ రంగుకు వచ్చాయి. పక్కన దమ్ము చేసి నాటిన కయ్య పచ్చగా ఉంది. నేల ఒకటే కదా?

జవాబు: నేల ఒకటే, అందులోని ఇనుమూ ఒకటే. అది ఉన్న రూపం వేరు. లేత ఆకు ముందు తెల్లబడితే ఇనుము లోపం. నత్రజని తక్కువైతే ముదురాకు ముందు పండుతుంది. అందుకే యూరియాకు లొంగలేదు.

గాలి ఆడే పొడినేలలో ఇనుము ఫెర్రిక్ రూపంలో, అంటే తుప్పుగా, ఉంటుంది. సున్నం ఉన్న రేగడిలో అది దాదాపు కరగదు. నీరు నిలిపితే ఒకటి రెండు రోజుల్లో మట్టిలోని ప్రాణవాయువు అయిపోతుంది. అప్పుడు కొన్ని సూక్ష్మజీవులు శ్వాసకు ఇనుమునే వాడుకుని దానికి ఎలక్ట్రాన్లు ఇస్తాయి. ఫెర్రిక్ కాస్తా ఫెర్రస్ అయి, కరిగి, వేరుకు అందుతుంది. బంకమట్టి రేకుల్లో ఇమిడిన ఇనుము కూడా ఉన్నచోటే ఇలా మారుతుంది. పక్క కయ్యలో బురద తీసి చూడండి, లోపలి మట్టి నీలి బూడిద రంగులో ఉంటుంది.

కాబట్టి అసలు మందు నీరే. పైరు మునగకుండా 2–3 సెం.మీ. నీరు పెట్టి, వారం పది రోజులు ఆరనివ్వకండి. నడుమ నెర్రెలిచ్చిందా, గాలి దూరి ఇనుము మళ్లీ తుప్పవుతుంది. అన్నభేదిని నేలలో వేసినా ఇదే గతి, ఆ ఖర్చు పెట్టకండి.

ఈలోగా ఆకులపై పిచికారీ చేయాలి. లీటరు నీటికి 20 గ్రా. అన్నభేది, 2 గ్రా. నిమ్మ ఉప్పు. ఎకరాకు 200 లీటర్లు పడితే 4 కిలోలు, 400 గ్రాములు. ముందు నిమ్మ ఉప్పు కరిగించి, తర్వాతే అన్నభేది కలపండి. మీ మందునీళ్లు టీ రంగు తిరిగాయంటే డ్రమ్ములోనే ఫెర్రస్ ఫెర్రిక్ అయిపోయిందని అర్థం. నిమ్మ ఉప్పు దాన్ని ఆపుతుంది. అన్నభేది లేత ఆకుపచ్చ పలుకులే కొనండి, గోధుమరంగు పొడి వద్దు. చవ్వ (ఉప్పదనం ఉన్న) బోరునీరు కాకుండా కాలువ నీరు వాడండి. కలిపిన వెంటనే, సాయంత్రం పూట, పురుగుమందు ఏదీ చేర్చకుండా కొట్టండి. వారం తర్వాత మరోసారి. తెల్లబడిన పాత ఆకును కాదు, కొత్తగా వచ్చే ఆకును చూసి ఫలితం తేల్చుకోండి.

ఒక జాగ్రత్త. బంకమట్టి లోపలి ఇనుము ఫెర్రస్‌గా మారితే దాని రేకులపై రుణావేశం పెరిగి, అవి పొటాష్‌ను గట్టిగా పట్టేస్తాయి. పొటాష్ మొత్తం ఒకేసారి వేయకుండా సగం అంకురం దశకు (పైరులో వెన్ను మొదలయ్యే వేళకు) ఉంచండి. కోతకు నీరు తీశాక మినుము వేస్తే భాస్వరం మానకండి: వరికి నీటిలో విడుదలైన భాస్వరాన్ని ఆరిన నేలలో కొత్తగా ఏర్పడే తుప్పు పట్టేసుకుంటుంది.