టర్బో లేని ఎస్‌యూవీకి 95 ఆక్టేన్ పెట్రోల్ కొట్టిస్తే లాభమా?

ఒకరు అడిగింది ఇదీ: తిరుపతిలో ఉంటారు, 2023లో కొన్న 1.5 లీటర్ల టర్బో లేని పెట్రోల్ ఎస్‌యూవీ, ఇంజన్‌లో ఏ మార్పూ చేయించలేదు. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చాక మైలేజీ పడిపోయింది, తిరుమల ఘాట్‌లో బండి లాగడం లేదు. లీటరుకు ఎక్కువిచ్చి 95 ఆక్టేన్ ప్రీమియం రకం కొట్టిస్తే తేడా ఉంటుందా?

ఉండదండీ. ఈ ఇంజన్‌కు అది దండగ ఖర్చు. టర్బో బండ్ల సంగతి వేరు, కింద చెప్తాను.

ఆక్టేన్ అంటే పెట్రోల్‌లో ఉండే బలం కాదు. సిలిండర్‌లో గాలి, పెట్రోల్ కలిసి నొక్కుకుపోయి వేడెక్కినప్పుడు, ప్లగ్ మంట తన దగ్గరికి చేరేలోపే ఆ మిశ్రమం తనంతట తాను అంటుకోకుండా ఎంత ఓర్చుకుంటుందో చెప్పే నంబరు. ముందే అంటుకుంటే అదే నాకింగ్. మీ ఇంజన్‌ను కంపెనీ 91కి సరిపోయేలా ట్యూన్ చేసి ఉంటే, 91 పోసినా అది వాడాల్సిన స్పార్క్ టైమింగ్ (ప్లగ్ ఎంత ముందుగా మంట పెట్టాలన్న లెక్క) అంతా వాడేస్తుంది. మిగిలిన నాలుగు నంబర్లతో దానికి పని లేదు. పెట్రోల్ మూత వెనక స్టిక్కర్, ఓనర్స్ మాన్యువల్‌లో ఇంధనం పేజీ ఒకసారి చూడండి. కనీసం 91 అని ఉంటే మాట అక్కడికే తేలిపోయింది. అమెరికా వాళ్ళ వీడియోలు చూసి 87, 91, 93 అని లెక్కలు వేసుకోకండి. వాళ్ళ కొలత వేరు, అక్కడి 87 దాదాపు మన 91.

అసలు విషయం ఇంకొకటుంది, చాలామంది గమనించడం లేదు. ఇథనాల్ సొంత ఆక్టేన్ 108 దాకా ఉంటుంది. అందుకే ఈ20కి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన ప్రమాణంలో (ఐఎస్ 17021) కనీస ఆక్టేన్ 95. అంటే బంకులో మామూలు నాజిల్ నుంచి వచ్చేదే 95 అయినప్పుడు, ఎనిమిదో తొమ్మిదో రూపాయలు ఎక్కువిచ్చి ఇంకో 95 కొంటున్నారన్నమాట. తేడా అల్లా అందులో కలిపే క్లీనింగ్ యాడిటివ్‌లే. 100 ఆక్టేన్ రకం సంగతి ఈ బండికి అసలు వద్దే వద్దు.

మైలేజీ తగ్గింది ఆక్టేన్ వల్ల కాదు. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. నీతి ఆయోగ్ 2021 రోడ్‌మ్యాప్ చెప్పిన లెక్క: ఈ10కి (10 శాతం ఇథనాల్) ట్యూన్ చేసిన పాత కార్లలో 6 నుంచి 7 శాతం, ఈ20కి ట్యూన్ చేసినవాటిలో 1 నుంచి 2 శాతం తగ్గుదల. 95 రకంలో ఇథనాల్ ఉండదని అనుకుని కొట్టించేవాళ్ళున్నారు. 95 అని రాసినంత మాత్రాన ఇథనాల్ లేనట్టు కాదు, కాబట్టి పోయిన మైలేజీ దానితో తిరిగి రాదు. ఖర్చు లెక్కేయండి. నెలకు 1,000 కిలోమీటర్లు, లీటరుకు 12 వస్తే 83 లీటర్లు. లీటరుకు 8 రూపాయలు ఎక్కువంటే నెలకు 660 దాటుతుంది. 110 రూపాయల పెట్రోల్ మీద అది 7 శాతం. ఆ డబ్బు తిరిగి రావాలంటే 12 కాస్తా 12.9 కావాలి. టర్బో లేని ఇంజన్‌లో అది జరిగే పని కాదు.

మైలేజీ పది, పదిహేను శాతం పడిపోయి ఉంటే తప్పు ఇంకెక్కడో ఉంది. ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకు పెట్టి చూడండి. టైర్లలో గాలి డోర్ పక్కన స్టిక్కర్ మీద రాసినంత ఉందా, అదీ చల్లగా ఉన్నప్పుడు కొలిచి చూడండి. చక్రాలు చేత్తో తిప్పితే బ్రేక్ పట్టేస్తోందా, ప్లగ్‌లు మార్చాల్సిన కిలోమీటర్లు దాటాయా, ఇవి చూశాకే పెట్రోల్ మీద అనుమానపడాలి.

ఇక ఘాట్. చాలామంది బండిని నాలుగో గేరులో 1,400 ఆర్‌పీఎం దగ్గర పెట్టి, ఏసీ వేసి, ఐదుగురిని కూర్చోబెట్టి యాక్సిలరేటర్ అదిమి తొక్కుతారు. నాకింగ్‌కు ఇంతకంటే అనువైన పరిస్థితి లేదు. డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు చప్పుడు వస్తే అదే. నాక్ సెన్సర్ అది విని స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, బండి లాగదు. మందు గేరులో ఉంది: రెండో, మూడో గేరుకు దిగి 2,500 చుట్టూ ఉంచండి. చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడూ అంతే. గేరు దించినా చప్పుడు ఆగకపోతే కూలెంట్ మట్టం, థర్మోస్టాట్, పిస్టన్ మీద కార్బన్, తప్పు రకం ప్లగ్ చూపించండి. మాడు వాసన వస్తే అది క్లచ్, దానికి ఏ పెట్రోల్ పోసినా ఒకటే.

టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న బండ్లకు (క్రెటా, సెల్టాస్ 1.5 టర్బో, ఎక్స్‌యూవీ700 పెట్రోల్ లాంటివి) ఎండాకాలం మధ్యాహ్నం, ఫుల్ లోడు, ఎక్కుడు దారి అన్నీ కలిస్తే ఆక్టేన్ కొంత అక్కరకొస్తుంది. కానీ ఇక్కడ ఒక చిక్కు. ఈ ఇంజన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో పడుతుంది, ఇన్‌టేక్ వాల్వ్‌ను తాకదు. అందుకని యాడిటివ్ ఇంజెక్టర్ కొనను శుభ్రం చేయొచ్చు గానీ వాల్వ్ మీద పేరుకున్న కార్బన్‌ను ముట్టుకోలేదు. తక్కువ ఆర్‌పీఎంలో గట్టిగా తొక్కితే వచ్చే ప్రీ-ఇగ్నిషన్‌కు (ప్లగ్ వెలగకముందే మిశ్రమం అంటుకోవడం) మంచి రక్షణ ఏపీఐ ఎస్‌పీ గ్రేడ్ ఇంజన్ ఆయిల్, గేరు దించడం. మీ బండి పోర్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్ వాల్వ్ వెనకే చిమ్మే రకం) అయితే వాల్వ్‌లు పెట్రోల్‌తోనే కడుక్కుపోతుంటాయి. శుభ్రత కోసమే అయితే 10,000 కిలోమీటర్లకోసారి పీఈఏ (కార్బన్ వదిలించే రసాయనం) ఉన్న క్లీనర్ ఒక డబ్బా ట్యాంకులో పోస్తే చాలు, చవక కూడా.

నమ్మకం కుదరకపోతే కొలిచి చూడండి. ఓబీడీ పోర్టుకు (మెకానిక్‌లు స్కానర్ తగిలించే సాకెట్) పెట్టే ఈఎల్ఎమ్327 డాంగిల్ చవకగానే దొరుకుతుంది. ఫోన్ యాప్‌లో టైమింగ్ అడ్వాన్స్, ఇంజన్ లోడ్ తెరిచి పెట్టుకోండి. పక్క సీట్లో ఇంకొకరు ఉండి రాసుకోవాలి, నడిపేవాళ్ళు చూడకూడదు. ఒకే ఎక్కుడు దారి, ఒకే గేరు, ఒకే ఆర్‌పీఎం. మొదటి ట్యాంకును లెక్కలోకి తీసుకోకండి, అడుగున పాతది ఉంటుంది. ఒక్కో రకానికి వరసగా మూడు ట్యాంకులు, అదే బంకు, ఆటో కటాఫ్ దగ్గరే ఆపడం. అదే లోడ్‌లో టైమింగ్ రెండు మూడు డిగ్రీలు ముందుకు జరిగితే ఇంజన్ వాడుకుంటోంది. కదలకపోతే లేదు.

లీటరుకు ఎనిమిది రూపాయలు మిగలాలంటే మన జిల్లాల వాళ్ళకు వేరే దారుంది. ఆంధ్రలో పెట్రోల్ మీద 31 శాతం వ్యాట్, పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్ 1 రూపాయి. తమిళనాడులో దాదాపు ఏడెనిమిది రూపాయలు తక్కువ. నగరి దాటి తిరుత్తణి వైపో, చిత్తూరు నుంచి వేలూరు వైపో ఎలాగూ పని మీద వెళ్తుంటే అక్కడ ఫుల్ చేయించండి. పనిగట్టుకుని మాత్రం వెళ్ళకండి, దారి ఖర్చే తినేస్తుంది.

చిన్న ఊళ్ళ బంకుల్లో ప్రీమియం రకం మెల్లగా అమ్ముడవుతుంది, భూమిలో ట్యాంకులో ఎక్కువ రోజులు నిలవుంటుంది. అలాంటిచోట అమ్మకం బాగా జరిగే మామూలుదే నయం. నవంబరు, డిసెంబరు వానల్లో నీళ్ళు కలిశాయని అనుమానం వస్తే వాటర్ పేస్ట్ పరీక్ష, కల్తీ అనుమానం వస్తే డెన్సిటీ, ఫిల్టర్ పేపర్ పరీక్ష చేయమని అడగండి. అడిగితే చేసి చూపించాలి. నాజిల్ పెట్టకముందే "మామూలు పెట్రోల్" అని నోరు తెరిచి చెప్పండి, మీటరు మీద లీటరు ధర కూడా చూడండి. చెప్పకపోతే కొన్నిచోట్ల ప్రీమియమే కొట్టేస్తారు.