టీ ధర తగ్గితే కోపం ఎందుకొచ్చింది?

ప్రశ్న: 1773లో అమెరికాలోని బోస్టన్ వాళ్లు టీ పెట్టెలు సముద్రంలో పారబోశారని మా అబ్బాయి పాఠంలో ఉంది. ఆ ఏడాది వచ్చిన చట్టంతో టీ ధర తగ్గిందని కూడా అందులోనే ఉంది. ధర తగ్గితే సంతోషించాలి కదా, విప్లవం దాకా ఎందుకు వెళ్లింది? వాడు అడిగితే జవాబు చెప్పలేకపోయాను.
- ఒక పాఠకురాలు

జవాబు: మీ అబ్బాయి అసలు ముడి దగ్గరే పట్టుకున్నాడండీ. ధర తగ్గిన మాట నిజమే. ఈస్టిండియా కంపెనీ గోదాముల్లో టీ గుట్టలుగా పేరుకుపోయి, కంపెనీ అప్పుల్లో మునిగి ఉంటే, దాన్ని గట్టెక్కించడానికి నేరుగా అమెరికాకు పంపి సొంత ఏజెంట్లతో అమ్ముకోమని లండన్ పార్లమెంటు వీలు కల్పించింది. కానీ పౌండు టీకి 3 పెన్నీల పన్ను మాత్రం తీసేయలేదు. గొడవంతా ఆ 3 పెన్నీల దగ్గరే. చవగ్గా వస్తోంది కదా అని కొన్నామా, మా మీద పన్ను వేసే హక్కు మీకుందని ఒప్పుకున్నట్టేనని వాళ్ల భయం. స్థానిక వర్తకుల పొట్ట కొట్టడం కూడా ఒక కారణమే, అది దాచక్కర్లేదు.

ఈ కోపం ఒక్క రోజులో పుట్టింది కాదు. ఫ్రాన్స్‌తో యుద్ధం 1763లో ముగిసేసరికి బ్రిటన్ నెత్తిన పెద్ద అప్పు మిగిలింది, అందులో కొంత అమెరికాలోని వలసల నుంచి, అంటే అక్కడ తన పాలనలో ఉన్న ప్రాంతాల నుంచి రాబట్టాలనుకున్నారు. 1765లో స్టాంపు చట్టం తెచ్చారు. వీలునామా, లైసెన్సు, వార్తాపత్రిక, ఆఖరికి పేకముక్కలకు కూడా పన్ను కట్టిన ముద్ర ఉండాల్సిందే. నా ఉద్దేశంలో లండన్ చేసిన పెద్ద పొరపాటు ఇదే, ఎందుకంటే ఆ దెబ్బ నేరుగా తగిలింది లాయర్లకు, పత్రికలు అచ్చువేసేవాళ్లకు, అంటే ఊరంతటికీ వినిపించేలా మాట్లాడగలిగేవాళ్లకు. పార్లమెంటులో మా తరఫున ఒక్క సభ్యుడైనా లేడు, మా పన్నులు మా సభలే వేయాలి అన్నది వాళ్ల వాదన. ఆ ఆగస్టులో బోస్టన్‌లో స్టాంపుల అధికారి దిష్టిబొమ్మను చెట్టుకు వేలాడదీశారు. బ్రిటిష్ సరుకు కొనడం మానేశారు. మరుసటి ఏడాది చట్టం రద్దయింది కానీ, వలసల మీద ఏ చట్టమైనా చేసే అధికారం మాకుందని పార్లమెంటు అదే రోజు ఇంకో చట్టం చేసి పెట్టుకుంది!

1767లో గాజు, కాగితం, రంగులు, సీసం, టీ మీద సుంకాలు వేశారు. మళ్లీ బహిష్కరణ మొదలైంది, ఆడవాళ్లు ఇళ్లలోనే నూలు వడికి బట్ట నేయించారు. 1768లో బోస్టన్‌లో సైన్యం దిగింది. 1770 మార్చి 5న సైనికుల కాల్పుల్లో అయిదుగురు చనిపోయారు. ఆ ఏడాదే మిగతా సుంకాలు ఎత్తేసి టీ మీద మాత్రం ఉంచారు.

ఇక 1773 డిసెంబరు 16 రాత్రి. మూడు ఓడల్లోని 342 పెట్టెల్ని గొడ్డళ్లతో పగలగొట్టి కుమ్మరించారు. సముద్రం పోటు తగ్గి ఉండటంతో టీ ఆకు నీళ్లలో కలవకుండా ఓడల పక్కన కుప్పలు పడింది. మర్నాడు కూడా తేలుతున్న ఆకును ఎవరూ ఎత్తుకుపోకుండా పడవల్లో వెళ్లి తెడ్లతో కొట్టి ముంచేశారు. దోచుకోవడం వాళ్ల ఉద్దేశం కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

అయితే దీన్ని విప్లవం వైపు తిప్పింది టీ కంటే దానికి పడిన శిక్షేనని నేననుకుంటాను. 1774 జూన్ 1 నుంచి బోస్టన్ రేవు మూసేశారు, బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ వలస స్వపరిపాలనకు కత్తెర వేశారు. తప్పు కొందరిది, శిక్ష ఊరందరికీ. రేపు మన వంతు కూడా ఇంతేనని మిగతా వలసలకు అర్థమైంది. వాళ్లు బోస్టన్‌కు బియ్యం, గొర్రెలు పంపారు. సెప్టెంబరులో 13 వలసల్లో 12 ఫిలడెల్ఫియాలో సమావేశమయ్యాయి, జార్జియా ఒక్కటే రాలేదు. 1775 ఏప్రిల్ 19న బోస్టన్ దగ్గరి లెక్సింగ్టన్‌లో బ్రిటిష్ సైన్యానికీ వలసల వాళ్లకీ మధ్య తుపాకులు పేలాయి.

మీ అబ్బాయికి ఇంకో సంగతి కూడా చెప్పండి. తుపాకులు పేలాక కూడా, ఆ జులైలో, రాజీ కోరుతూ మూడో జార్జి రాజుకు వాళ్లొక విన్నపం పంపారు. రాజు దాన్ని స్వీకరించలేదు. మరుసటి ఏడాది జులైలో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు.